"నేడు దర్యాప్తు జరగలేదు": ఒకేసారి రెండు హత్య కేసులు చూసిన నా అనుభవం

పాత కేసు నా చేతికొచ్చింది 2025 ఫిబ్రవరి 3న, సోమవారం. నెలవారీ క్రైమ్ మీటింగ్ చివర్లో ఎస్పీ గారు ప్రతి సీఐనీ నేరస్తుడు తేలని ఒక పాత అన్‌డిటెక్ట్ మర్డర్ ఫైలు తీయమన్నారు. నా సర్కిల్‌లో అలాంటివి మూడున్నాయి. అన్నిటికంటే పలచటి ఫైలు ఎంచుకున్నాను. రెండు రోజుల్లో చదివేసి, "కొత్తగా ఆధారాలేమీ లేవు" అని రాసి పంపేయొచ్చని నా లెక్క. అది నిజం, దాచడం దేనికి.

మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఓ రూరల్ సర్కిల్. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రాయను. రెండు కేసులూ ఇంకా కోర్టులోనే ఉన్నాయి.

ఫైలు 2016 మే నెలది. కరువు ఏడాది, బావులన్నీ అడుగంటాయి. ఒక రైతు పాడుబడ్డ బావిలో పూడిక తీయిస్తుంటే యూరియా సంచి తగిలింది. సంచిలో ఎముకలు, సంచికి తాడుతో బిగించిన, కంచెకు పాతే రాతి కడీ ముక్క. ముందు సీఆర్‌పీసీ 174 కింద అనుమానాస్పద మృతిగా కట్టారు. పుర్రె వెనక దెబ్బ ఉందని డాక్టరు రాశాక 302, 201 ఐపీసీకి, అంటే హత్య, సాక్ష్యం మాయం చేయడం కిందికి మార్చారు. మగమనిషి, పాతిక ముప్పై మధ్య వయసు. తొడ ఎముక, రెండు దవడ పళ్లు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు (ఎఫ్‌ఎస్‌ఎల్) పంపితే డీఎన్‌ఏ ప్రొఫైల్ వచ్చింది. పోల్చి చూడటానికే ఎవరూ లేరు. అదే ఏడాది అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. స్టేషన్ ఒక జిల్లాలోంచి ఇంకో జిల్లాలోకి, ఫైలు ఒక సర్కిల్‌లోంచి ఇంకో సర్కిల్‌లోకి మారాయి. 2019లో అన్‌డిటెక్ట్ అని కోర్టుకు ఫైనల్ రిపోర్ట్ వెళ్లిపోయింది.

సీడీలు, అంటే కేస్ డైరీలు, చదవడం ఆ రాత్రే మొదలుపెట్టాను. మొదటి మూడు వారాలు గట్టిగానే చేశారు. మిస్సింగ్ కేసులన్నీ తిరగేశారు, చుట్టుపక్కల ఊళ్లలో డప్పు వేయించారు. తర్వాత జూన్ 2016 నుంచి ఒక వాక్యం మొదలైంది. "మరొక హత్య కేసు దర్యాప్తులో ఉన్నందున నేడు ఈ కేసులో దర్యాప్తు జరగలేదు. దర్యాప్తు కొనసాగుతుంది." ఆగస్టులో కారణం మారింది, కృష్ణా పుష్కరాల బందోబస్తు. సెప్టెంబర్‌లో గణేష్ నిమజ్జనం. వాక్యం మాత్రం మారలేదు. పెన్సిల్‌తో టిక్కులు పెడుతూ లెక్కపెట్టాను, పద్నాలుగుసార్లు.

ఒళ్లు మండింది. ఆ అధికారి నాకు తెలుసు, దర్యాప్తులో పేరున్న మనిషే. ఆ "మరొక హత్య కేసు"లో ముద్దాయికి జీవిత ఖైదు కూడా పడింది. ఇంత పనిమంతుడు ఈ ఎముకలను ఇలా ఎలా వదిలేశాడని మా ఆవిడ దగ్గర చాలా పెద్ద మాటలే మాట్లాడాను.

పోస్ట్‌మార్టం రిపోర్టు రెండో పేజీలో ఒక లైన్ ఉంది. కుడి కాలి మోకాలి కింది ఎముకకు స్టీలు ప్లేటు, ఆరు స్క్రూలు, విరిగిన చోట పూర్తిగా అతుక్కుంది అని. దాన్ని పట్టుకుని ఎవరూ ముందుకెళ్లలేదు.

మా స్టేషన్ హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచి అడిగాను. జూన్‌లో రిటైరయ్యే మనిషి. 2016లో కానిస్టేబుల్‌గా ఆ బావిలోకి దిగి సంచి పైకి తెచ్చింది ఆయనే అని అప్పటిదాకా నాకు తెలీదు. "ఆ పట్టీ నేనే కడిగిన సార్" అన్నాడు. ఇప్పుడెక్కడుందని అడిగితే, కోర్టు ప్రాపర్టీ రూములో ఉండాలె, పారేయకుంటే, అన్నాడు.

పారేయలేదు. కానీ పనికిరాని ప్రాపర్టీ ధ్వంసం చేయడానికి రాసిన జాబితాలో 61వ నంబరుగా ఎక్కింది. ఇంకో నెల ఆలస్యమైతే మాకు కేసు లేదు. ఫిబ్రవరి 10న మెమో వేశాం. అక్కడ చిన్న తిరకాసు. నేరం ఐపీసీ కాలం నాటిది, మళ్లీ తెరుస్తున్నది కొత్త చట్టం వచ్చాక. తదుపరి దర్యాప్తుకు పాత సీఆర్‌పీసీ 173(8) రాయాలా, కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 193(9) రాయాలా? రైటరూ నేనూ గంట తల పట్టుకున్నాం. ప్రభుత్వ లాయరు ఏపీపీ గారు ఫోన్‌లో నవ్వి, "రెండూ రాయండి, మధ్యలో గీత గీయండి" అన్నారు. 14న ఆర్డరొచ్చింది.

ఈలోగా అసలు దారి చూపించింది నా జీపు డ్రైవర్, హోంగార్డు. ప్లేటు గురించి నేనూ హెడ్డూ మాట్లాడుకుంటుంటే విని, బండి పక్కకు ఆపి ప్యాంటు పైకి మడిచాడు. "నాకూ ఉంది సార్. ఆరోగ్యశ్రీ కింద వేసిన్రు. ఆపరేషన్ ముందు ఎక్స్‌రే, తర్వాత ఎక్స్‌రే కంప్యూటర్ల ఎక్కిస్తేనే ఆసుపత్రికి పైసలొస్తయంట." ఆరోగ్యశ్రీ ఈ ప్రాంతాల్లో 2007 చివర్లో మొదలైన పథకం, మన శవానికి ప్లేటు వేసింది కూడా ఆ తర్వాతే అయ్యుండాలి. ఫిబ్రవరి 12న ట్రస్ట్‌కు లెటర్ రాశాం. 2008 నుంచి 2015 మధ్య, నాలుగు మండలాల్లో, కుడి కాలికి ప్లేటు వేయించుకున్న 18 నుంచి 40 ఏళ్ల మగవాళ్ల వివరాలు కావాలని.

ప్లేటు నా చేతికొచ్చింది ఫిబ్రవరి 17న. అప్పటికి నేను పెద్దగట్టు జాతర బందోబస్తులో ఉన్నాను. హైవే మీద ట్రాఫిక్ మళ్లింపు, చెవుల్లో "ఓ లింగా" అరుపులు, గజ్జెల మోత. కోర్టు కానిస్టేబుల్ సీల్ కవరు తెచ్చి చూపించి సంతకం తీసుకుని, మళ్లీ జప్తు వస్తువులుంచే స్టేషన్ మాల్‌ఖానాకు తీసుకెళ్లాడు. మర్నాడు పొద్దున ఓ రెండు గంటలు పర్మిషన్ అడిగి, దాన్ని ప్రభుత్వాసుపత్రి ఎముకల డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లాను.

ఐదంగుళాల పట్టీ. ఏడు రంధ్రాలు. తుప్పు లేదు, ఒక అంచున మాత్రం బావి బురద నల్లగా పట్టుకుని ఉంది. డాక్టర్ గారు ఓపీ మధ్యలో కిటికీ దగ్గరికెళ్లి వెలుతురులో తిప్పి చూశారు. "ఏడు రంధ్రాలుంటే ఆరే స్క్రూలు. మూడోది ఖాళీ వదిలేశారు, ఎముక విరిగింది సరిగ్గా అక్కడే అయ్యుంటుంది. ఈ చివరి స్క్రూ చూడండి, మిగతావాటికంటే పొడుగు. లోపల ఎముక దాటి అవతలికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎక్స్‌రేలో ఇది కనపడిందంటే అదే మీ మనిషి సంతకం." పది నిమిషాలు. ఫీజు లేదు, టీ కూడా ఆయనే తాగించారు. తొమ్మిదేళ్లలో ఎవరూ ఆయన్నిది అడగలేదు.

ఆ సాయంత్రం సీడీ నాలుగు పేజీలు రాశాను. చాలా రోజుల తర్వాత పోలీసు పని చేసినట్టనిపించింది.

ఫిబ్రవరి 20, గురువారం, జాతర ఆఖరి రోజు. పొద్దున 6:20కి ఫోన్. ఊరి చివరింట్లో ఒంటరిగా ఉండే 58 ఏళ్ల ఆమె వంటింట్లో చచ్చిపడి ఉంది. మెడలో పుస్తెలతాడు లేదు, చెవులకు కమ్మల్లేవు.

అక్కడినుంచి తొమ్మిది రోజులు నాకు గుర్తున్నవి ముక్కలు ముక్కలుగానే. 7:40కి ఎఫ్‌ఐఆర్, బీఎన్‌ఎస్ 103(1), ఐపీసీ 302 స్థానంలో వచ్చిన హత్య సెక్షన్. తొమ్మిదిన్నరకు క్లూస్ టీమ్. డాగ్ బస్సు స్టేజీ దాకా పోయి కూచుంది. శవ పంచనామాకు పంచులుగా, అంటే సాక్షులుగా, రమ్మంటే ఊళ్లో ఒక్కరూ రారు, సగం మంది జాతరలో, మిగతా సగానికి భయం. ఇప్పుడు ప్రతి జప్తూ వీడియో తీయాలి కదా, ఆ ఇంట్లో సిగ్నల్ లేదు. ఫోన్ పట్టుకుని కానిస్టేబుల్ నీళ్ల ట్యాంకు ఎక్కి అప్‌లోడ్ చేశాడు. శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లే ట్రాక్టరుకు రెండు వేలు, పంచుల కూలి, భోజనాలు, పెన్ డ్రైవ్‌లు, జిరాక్సులు కలిపి మొదటి రోజే నా జేబులోంచి 7,300 పోయాయి. కొంత తర్వాత బిల్లు పెట్టుకున్నాను, కొంతకు బిల్లే ఉండదు.

టవర్ డంప్, అంటే ఆ టవర్ల కింద తిరిగిన ఫోన్ నంబర్ల జాబితా, తీయిద్దామంటే జాతర. ఆ నాలుగైదు రోజులూ మా హైవే టవర్ల కింద తిరిగిన నంబర్లు లక్షల్లో వచ్చాయి. ఐటీ సెల్ కుర్రాడు ఎక్సెల్ షీటు తెరిస్తే సిస్టమే ఆగిపోయింది. మామూలు రోజుల్లో రాత్రి పూట ఆ ఊళ్లో కొత్త నంబరు నాలుగుంటే గొప్ప.

ఊరంతా ఒకటే మాట, అల్లుడే చేశాడని. అత్తకూ అతనికీ ఎకరం భూమి గొడవ ఉంది. 21న అతన్ని పిలిపించాం. ఫోన్ తనే తీసి టేబుల్ మీద పెట్టి లాక్ నంబర్ చెప్పాడు. పొద్దున 11కి వచ్చినవాడు స్టేషన్ వరండాలో బెంచీ మీద కూచున్నాడు. నేను ఎస్పీ ఆఫీసు, ఆసుపత్రి, ఊరు తిరిగి రాత్రి పదిన్నరకొచ్చేసరికి అతనింకా అక్కడే ఉన్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అన్నం తిన్నావా అంటే తలూపాడు, తిన్నాడో లేదో. అతనికేం సంబంధం లేదని మర్నాడే తేలిపోయింది. హత్య జరిగిన రాత్రి అతను మిర్యాలగూడలో రైస్‌మిల్లు నైట్ షిఫ్టులో ఉన్నాడు. పెద్దకర్మ రోజు నేను ఊళ్లోకెళ్తే అందరూ దండం పెట్టారు, అతను మాత్రం మొహం తిప్పుకున్నాడు. తప్పు నాదే.

కేసు విప్పింది చనిపోయినామె చెల్లెలు. బంగారం వివరాలు రాస్తుంటే, "ఒక కమ్మ శీల పోతే ఇత్తడి శీల వేయించుకుంది, మా ఊరి కంసాలే వేసిండు" అంది. ఒక కమ్మకు బంగారు శీల, ఇంకోదానికి ఇత్తడి. అక్కడ ఎముకలో స్క్రూ, ఇక్కడ కమ్మకు శీల, నా బతుకంతా మరమేకుల చుట్టే తిరుగుతోందని డ్రైవర్ దగ్గర అంటే పాపం నవ్వాలో వద్దో అతనికి అర్థం కాలేదు.

ముగ్గురు కానిస్టేబుళ్లు 31 కుదువ దుకాణాలు, గోల్డ్ లోన్ ఆఫీసులు తిరిగారు. మధ్యలో 26న శివరాత్రి, 27న టీచర్స్ ఎమ్మెల్సీ పోలింగ్. మనుషులను రెండు రోజులు ఇచ్చేయాల్సి వచ్చింది. 28 పొద్దున ఇత్తడి శీల దొరికింది. పెట్టింది చనిపోయినామెకు వరసకు మనవడు, 24 ఏళ్లవాడు. ఆన్‌లైన్ బెట్టింగ్ అప్పులు. సాయంత్రం అరెస్టు. అరెస్టు కారణాలు తెలుగులో రాసి చేతికివ్వాలి, తండ్రికి తెలియజేయాలి, మెడికల్ చేయించాలి, 24 గంటల లోపు కోర్టులో పెట్టాలి. రాత్రి ఎనిమిదికి మేజిస్ట్రేట్ గారింటి గేటు దగ్గర నిలబడి ఉంటే ఆ కుర్రాడు నన్నడిగాడు, "సార్, రేపు బెయిలొస్తదా?" అని. వాడికి నిజంగా ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు పేపర్లలో ఫొటో వచ్చింది. నగదు రివార్డు ఇచ్చారు. ఇంటికెళ్లి పద్నాలుగు గంటలు నిద్రపోయాను.

రిమాండ్ రోజు నుంచి తొంభై రోజుల గడియారం మొదలవుతుంది, ఆ లోపు చార్జిషీటు వేయకపోతే వాడికి బెయిల్ హక్కు. నా లెక్కన మే 28. పైగా మార్చి 5 నుంచి ఇంటర్ పరీక్షలు, 21 నుంచి టెన్త్, ప్రశ్నపత్రాల వెంట పోలీసులు. పాత కేసుకు గడియారం లేదు. ఎముకలు బెయిల్ అడగవు. పేపరువాళ్లు అడగరు.

మార్చి 19 రాత్రి పెండింగ్ సీడీలు రాస్తూ కూచున్నాను. పాత కేసు ఫైలు తీసి తేదీ వేసి, కలం ఆగకుండా రాసుకుపోయాను. "మరొక హత్య కేసు దర్యాప్తులో ఉన్నందున నేడు ఈ కేసులో దర్యాప్తు జరగలేదు. దర్యాప్తు కొనసాగుతుంది." సంతకం పెట్టాక చూసుకున్నాను. వెనక్కి తిప్పితే ఫిబ్రవరి 20 తర్వాత అదే వాక్యం నా చేతిరాతతో ఎనిమిదిసార్లు ఉంది. ఒక్కటి రాసినట్టు కూడా నాకు గుర్తు లేదు. కేస్ డైరీ ముద్దాయి లాయరు చూడలేడు, కోర్టు అడిగితే తప్ప బయటికెళ్లదు. చూస్తున్నది నేనొక్కణ్నే. మా ఆవిడతో అన్న మాటలు గుర్తొచ్చాయి.

ఆ రాత్రే ఆఫీసు మెయిల్ తెరిచాను. ఆరోగ్యశ్రీ జాబితా మార్చి 11నే వచ్చి ఉంది. ఎనిమిది రోజులుగా తెరవని మెయిల్.

143 పేర్లు. పొద్దున్నే హెడ్డును, ఒక మహిళా కానిస్టేబుల్‌ను పిలిచి, మీకు ఇక చార్జిషీటు పనీ లేదు, పరీక్షల డ్యూటీ కూడా లేదు, ఇదొక్కటే అన్నాను. ఎస్‌ఐలు గొణిగారు. ఒక్కటే ప్రశ్న, ఈ పేరున్న మనిషి బతికున్నాడా? సులువనుకున్నాం. ఆ అమ్మాయి "పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కాలు ఆపరేషన్ గురించి" అనగానే అవతలివాళ్లు సైబర్ మోసం అనుకుని బూతులు తిట్టి పెట్టేశారు. ఒకతను, "డిజిటల్ అరెస్టా? చెయ్ చూద్దాం" అన్నాడట. చివరికి ఆశా వర్కర్లే దిక్కయ్యారు. ఊళ్లో ఎవరి కాలు ఎప్పుడు విరిగిందో, ఎవరు ఎక్కడున్నారో వాళ్లకు నోటికి వచ్చు. మూడున్నర వారాల్లో 128 మంది బతికున్నట్టు, 12 మంది వేరే కారణాలతో చనిపోయినట్టు తేలింది. మిగిలింది ముగ్గురు. ఆ ముగ్గురి ఎక్స్‌రేలు పంపమని మళ్లీ లెటర్ రాస్తే వారంలోపే వచ్చాయి.

ఏప్రిల్ 17, గురువారం మధ్యాహ్నం. డాక్టర్ గారి రూములో కంప్యూటర్ మీద రెండో ఎక్స్‌రే. 2013లో బైక్ యాక్సిడెంట్. పైనుంచి లెక్కపెట్టాం. ఒకటి, రెండు, ఖాళీ, నాలుగు. కింద చివరి స్క్రూ మొన ఎముక దాటి తెల్లగా పొడుచుకొచ్చి ఉంది. పక్కన ఆసుపత్రి మంచం మీద పడుకున్న కుర్రాడి ఫొటో. పసుపు రంగు చొక్కా, ఫొటో తీస్తున్నారని జుట్టు సర్దుకున్నట్టున్నాడు. తొమ్మిదేళ్లుగా ఫైల్లో "గుర్తు తెలియని మగ వ్యక్తి" అని చదువుతున్న మాకు మొహం చూడటం అదే మొదటిసారి. హెడ్డు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ బయటికెళ్లిపోయాడు.

ఊరు బావి నుంచి 22 కిలోమీటర్లే. 19న మామూలు బట్టల్లో వెళ్లాం. తల్లి ఒక్కతే, కూలికి పోయి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కొడుకు 2015లో బోరు బండి మీద పనికిపోయాడు. దసరాకు ముందు ఫోన్ ఆగిపోయింది. అప్పట్లో ఒక స్టేషన్‌కు పోతే, పెద్దోడు కదా, వస్తాడులే అని పంపేశారట. కేసు కట్టలేదు. అందుకే 2016లో మిస్సింగ్ కేసులన్నీ తిరగేసినా దొరకలేదు. రేషన్ కార్డులో కొడుకు పేరు తీయిస్తామని డీలర్ అంటే ఒప్పుకోలేదని చెప్పింది. "దొరికిండా సారూ?" అని అడిగింది.

డీఎన్‌ఏ తేలకుండా చెప్పకూడదు. నేను నోరు తెరవలేకపోయాను. హెడ్డే చెప్పాడు, "అక్కా, జెర నీ రక్తం పరీక్ష చేయాలె. అటెన్క చెప్తం." ఆమె కాసేపు మా చెప్పులకేసి చూసింది. "రక్తం దేనికో నాకు ఎర్క లేదా" అని లోపలికి వెళ్లి, రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది.

ఏప్రిల్ 22న డాక్టర్ సమక్షంలో రక్తం తీసి, ఫొటో అంటించిన ఫారంతో, ఐస్ బాక్సులో ఎఫ్‌ఎస్‌ఎల్‌కు పంపాం. జూలై 9న రిపోర్ట్ వచ్చింది, 78 రోజులు. ఆ 78 రోజులూ ప్రతి సోమవారం ఆమె ఫోన్ చేసేది. "ఏమన్న తెల్సిందా?" అంతే, ఇంకేం అడిగేది కాదు. ఫోన్ ఎత్తడం నాకు అన్నిటికంటే కష్టమనిపించింది. రెండుసార్లు ఎత్తలేదు కూడా.

ఈ గ్యాప్‌లో కొత్త కేసు చార్జిషీటు మే 21న వేసేశాం, ఏడు రోజుల ముందే. ముద్దాయి కుర్రాడి చొక్కా మీది రక్తం రిపోర్టు తర్వాత జతచేశాం. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. మంచి కేసు, గట్టి సాక్ష్యం.

పాత కేసులో ఇంకో చిత్రం జరిగింది. బావి పక్క పొలం రైతును మే నెలలో వెతికి పట్టుకుంటే, మాట్లాడనని మొండికేశాడు. భయమనుకున్నాం. కాదు, కోపం. "2016ల బావి నీళ్లు తోడనీకి నా ఇంజను వాడుకున్నరు. డీజిల్‌కు 1,800 అయింది. రేపిస్తం, మాపిస్తం అన్నరు. అది తేల్చుండ్రి, అటెన్క అడుగుండ్రి." నేను అక్కడికక్కడే ఫోన్‌పేలో 1,800 కొట్టాను. వడ్డీ అడగలేదు, మంచివాడు. కుర్చీ వేసి, గంటన్నర చెప్పాడు. ఆ ముందేడాది పక్క పొలంలో బోరు వేశారని, బండి చెడిపోయి పనోళ్లు మూడు రాత్రులు బావి గడ్డ మీదే పడుకున్నారని, తన కంచె కడీ ఒకటి అప్పుడే మాయమైందని. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంజను డబ్బుల సంగతి అప్పటి సీడీలో లేదు. ఉండదు కూడా.

బోరు బండ్లంటే తమిళనాడు తిరుచెంగోడే కదా. జూలైలో ఒక ఎస్‌ఐ, ఇద్దరు కానిస్టేబుళ్లు నాలుగు రోజులు అక్కడే ఉండి పాత మేనేజర్‌ను పట్టుకున్నారు. అన్నం, లాడ్జి, డీజిల్ అంతా కలిసి 23 వేలు. అప్పటి పనోళ్లలో మాకు కావాల్సినవాళ్లు ఇద్దరు. ఒకతను 2020లోనే జబ్బు చేసి చనిపోయాడు. రెండోవాణ్ని ఆగస్టులో అరెస్టు చేశాం. కూలి డబ్బుల దగ్గర మొదలైన గొడవ అన్నంత వరకే రాస్తాను, మిగతాది కోర్టులో తేలాలి.

హెడ్డు జూన్ 30న రిటైరయ్యాడు. శాలువా కప్పి, సన్మానం చేసి పంపాం. రిపోర్ట్ వచ్చిన రోజు పొద్దున్నే ఆయనకు ఫోన్ చేశాను. "మీరు చెప్పకుండ్రి సార్, నేనొస్త" అని బస్సెక్కి వచ్చాడు. ఇద్దరం వెళ్లాం. ఆమె ఏడవలేదు. రేషన్ కార్డు తీసుకొచ్చి హెడ్డు చేతిలో పెట్టి, "ఇగ తీసేయమను" అంది.

ఆ తర్వాత పని అంతా కాగితాలదే. ఏడాది దాటిన మరణం నమోదు చేయాలంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. దరఖాస్తులో చనిపోయిన తేదీ అని ఒక గడి. మా దగ్గరున్నది ఎముకలు దొరికిన తేదీ. ఆఫీసులో గుమాస్తా మూడుసార్లు వెనక్కి పంపాడు, నేను రెండు లెటర్లు రాసిచ్చాను. తేదీ గొడవ ఆమెకు ఇంకోలా వచ్చింది. ఒకరోజు స్టేషన్‌కొచ్చి, "ఏ తిథి నాడు పెట్టుకోవాలె సారూ?" అని అడిగింది. అటువంటి ప్రశ్నకు నాకు ట్రైనింగ్‌లో జవాబు చెప్పలేదు. హెడ్డుకు ఫోన్ కలిపి ఇచ్చాను. "తిథి తెల్వనోళ్లకే గదక్కా పెత్రమాస. ఆ రోజు బియ్యమియ్యి" అన్నాడు.

సెప్టెంబర్ 21, ఆదివారం, పెత్రమాస, అంటే పితృ అమావాస్య. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ బందోబస్తుకు మనుషులను పంచుతుంటే హెడ్డు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. చేటలో బియ్యం, పప్పు, చింతపండు, బెల్లం, తోటకూర కట్ట. అయ్యగారి చెయ్యి మాత్రమే పడింది, ఆమె పడలేదు.

మర్నాడు ఆమె మనిషి చేత ఒక దరఖాస్తు పంపింది. కొడుకు కాల్లోని పట్టీ తనకిప్పించమని. విచారణ పూర్తయ్యేదాకా అది కోర్టు ప్రాపర్టీ, ఇవ్వడం కుదరదు. ఆ మాట రాయకుండా, కాగితం మీద తేదీ వేసి ఫైల్లో పెట్టాను. సీడీలో ఆ రోజు దర్యాప్తు జరిగినట్టే రాశాను.